బిళ్ల కట్టిందంటే టీబీయేనా? మన దేశంలో లింఫోమా తీరు, చికిత్స ఫలితాలు

కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జల్లో బిళ్ల కడుతుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు. పుండు మానితే బిళ్లా కరిగిపోతుంది. అదే మెడ మీదో చంకలోనో ఏ పుండూ లేకుండా, నొప్పి కూడా లేకుండా బిళ్ల కట్టి వారాల తరబడి అలాగే ఉంటే, మన దేశంలో డాక్టరుకు మొదట వచ్చే అనుమానం టీబీ. పాతకాలపు వైద్యులు గండమాల అన్నది చాలావరకు ఇదే. ఆ అనుమానంలో తప్పు లేదు. ప్రపంచంలో ఏటా టీబీ బారిన పడేవాళ్లలో దాదాపు నాలుగో వంతు మన దేశంవాళ్లే. ఊపిరితిత్తుల బయట వచ్చే టీబీలో ఇలా బిళ్ల కట్టే లింఫు గ్రంథులదే పెద్ద వాటా. చిక్కల్లా, అదే మెడ మీద, అదే సాయంత్రం జ్వరంతో, అవే రాత్రి చెమటలతో, అలాగే మనిషి చిక్కిపోతూ ఇంకో జబ్బు కూడా వస్తుంది. అదే లింఫోమా అనే క్యాన్సర్.

టీబీ అనుకుని బిళ్లకు మందుబిళ్లలు మింగుతూ నాలుగైదు నెలలు గడిపి, ఆపైన పెద్దాసుపత్రికి చేరినవాళ్ల కథలు మన చుట్టుపక్కల వినపడుతూనే ఉంటాయి. లింఫోమా గురించి రాసేవాళ్లు సాధారణంగా కొత్త మందుల దగ్గర మొదలుపెడతారు. మన దేశానికి సంబంధించినంతవరకు అది సగం కథే అని నా అభిప్రాయం. ఇక్కడ చాలామంది విషయంలో మొదటి కీమో సీసా తగిలించక ముందే సగం ఫలితం తేలిపోతుంది.

ఒకే పేరు, బోలెడు జబ్బులు

లింఫోసైట్లు అనే తెల్లకణాలు మన ఒంటికి కాపలా కాస్తాయి. వాటిలో బి కణాలు, టి కణాలు అని ముఖ్యంగా రెండు రకాలు. అవి ఎక్కువగా గుమిగూడే చోటు లింఫు గ్రంథులు. వీటిలో ఏదో ఒక కణం దారి తప్పి, చావాల్సినప్పుడు చావకుండా తనలాంటివాటినే పుట్టిస్తూ పోతే అది లింఫోమా. గ్రంథుల్లోనే రావాలని లేదు. టాన్సిల్‌లో, కడుపులో, పేగులో, ఎముకలో, వృషణంలో, చర్మంలో, మెదడులో కూడా మొదలవుతుంది.

1832లో లండన్ గైస్ హాస్పిటల్ వైద్యుడు థామస్ హాడ్జ్‌కిన్ గ్రంథులు, ప్లీహం వాచిపోయి చనిపోయిన కొందరి గురించి రాశాడు. తర్వాత ఆ జబ్బుకు ఆయన పేరే పెట్టారు. మైక్రోస్కోపు కింద గుడ్లగూబ కళ్లలా కనిపించే పెద్ద కణాలు దాని గుర్తు. ఆ గుర్తు లేని లింఫోమాలన్నిటినీ కలిపి నాన్ హాడ్జ్‌కిన్ అన్నారు. ఆలోచిస్తే ఇదో పేరే కాదు. ఊళ్లో ఒక ఇంటికి పేరు పెట్టి మిగతావన్నీ ‘ఆ ఇల్లు కానివి’ అన్నట్టుంది. ఆ ‘కానివి’ ఇప్పుడు పదుల రకాలు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక వర్గీకరణ విడుదల చేస్తే, అదే ఏడాది ఇంకో నిపుణుల బృందం వేరే వర్గీకరణ తెచ్చింది. పాథాలజిస్టులు ఇప్పుడు రెండిటితోనూ వేగుతున్నారు.

రోగికి ముఖ్యం ఈ పేర్ల వెనకున్న వేగం. బర్కిట్ లింఫోమా ఒకటి రెండు రోజుల్లోనే రెట్టింపయ్యేంత దూకుడుగా పెరుగుతుంది. ఫాలిక్యులర్ లింఫోమా ఏళ్ల తరబడి మెల్లగా నడుస్తుంది, ఒక్కోసారి దానంతటదే కాస్త తగ్గి మళ్లీ పెరుగుతుంది కూడా. వినడానికి తలకిందులుగా ఉంటుంది గానీ, దూకుడుగా పెరిగేవాటినే కీమోతో పూర్తిగా నయం చేసే అవకాశం ఎక్కువ. మెల్లగా నడిచేవి లొంగుతాయి, తిరిగొస్తాయి, మళ్లీ లొంగుతాయి. బీపీ, షుగరు లాగా వాటితో కలిసి బతకడమే చాలామంది చేసేది.

ఇంకో అపోహ కూడా ఇక్కడే తీర్చాలి. స్టేజీ 4 అని రిపోర్టులో కనపడగానే ఇంటిల్లిపాదీ ఏడుపులు మొదలుపెడతారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో స్టేజీ 4 వేరు, లింఫోమాలో స్టేజీ 4 వేరు. లింఫోసైట్లు ఒళ్లంతా తిరిగే కణాలే కాబట్టి జబ్బు ఎముక మజ్జలోనో కాలేయంలోనో కనిపించడం అరుదేమీ కాదు. స్టేజీ 4 హాడ్జ్‌కిన్‌ను కూడా నయం చేసే లక్ష్యంతోనే చికిత్స మొదలుపెడతారు. మంచి కేంద్రాల్లో ఎక్కువమందికి నయమవుతుంది కూడా.

మన దగ్గర ఏ రకం ఎంత

మన దేశంలో లింఫోమా తీరు గురించి మాట్లాడేటప్పుడు ఇప్పటికీ అందరూ ఎత్తే లెక్క ముంబయిలోని టాటా మెమోరియల్ హాస్పిటల్ పాథాలజిస్టులు 2000లో ప్రచురించింది. వాళ్లు 2,773 నాన్ హాడ్జ్‌కిన్ కేసులను కొత్త వర్గీకరణ ప్రకారం మళ్లీ పరిశీలించారు. అందులో బి కణాలవి 79 శాతం, టి కణాలవి 16 శాతం. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ లింఫోమా, 34 శాతం. డాక్టర్లు డీఎల్‌బీసీఎల్ అనేది దీన్నే. ఫాలిక్యులర్ రకం 13 శాతం లోపే. అమెరికా, పశ్చిమ యూరప్‌లలో ఫాలిక్యులర్ 20 శాతం దాటుతుంది, టి కణాల రకం మనకన్నా తక్కువగా ఉంటుంది. అంటే మన దగ్గర మెల్లగా నడిచేవి తక్కువ, వేగంగా పెరిగేవి ఎక్కువ.

ఇది నిజంగా జబ్బులో ఉన్న తేడాయేనా, ఆసుపత్రికి చేరేవాళ్లలో ఉన్న తేడానా? కొంత అదీ, కొంత ఇదీ. నొప్పి లేకుండా మెల్లగా పెరిగే గడ్డతో పల్లెటూరి మనిషి పనిమానుకుని ఆసుపత్రికి రాడు. వారం వారం పెరిగే గడ్డకైతే పరుగెత్తక తప్పదు. పైగా ఇవి ఒక పెద్దాసుపత్రి లెక్కలు, దేశం లెక్కలు కావు. 1980ల మొదట్లో ఐసీఎంఆర్ మొదలుపెట్టిన జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ ఇన్నేళ్ల తర్వాత కూడా జనాభాలో చిన్న భాగాన్నే కవర్ చేస్తోంది. కాబట్టి ‘మన దేశంలో ఇంత శాతం’ అని ఎవరన్నా అన్నప్పుడు, ‘ఫలానా ఆసుపత్రి మెట్లెక్కినవాళ్లలో’ అని మనసులో చేర్చుకుని చదవడం మంచిది.

వయసు విషయంలోనూ అంతే. పశ్చిమ దేశాల్లో డీఎల్‌బీసీఎల్ రోగుల సగటు వయసు అరవై ఐదు చుట్టూ ఉంటే, మన ఆసుపత్రుల లెక్కల్లో యాభైల్లోనే ఉంటుంది. మనది కుర్ర జనాభా కావడం ఒక కారణం. ఇంకోటి ఎవరూ పైకి చెప్పనిది. డెబ్బై ఏళ్ల పెద్దాయనకు గడ్డ వస్తే ‘ఈ వయసులో కీమో ఏం తట్టుకుంటాడులే’ అని ఇంట్లోనే తేల్చేస్తారు. ఆయన ఏ లెక్కలోకీ రాడు.

ఆడవాళ్ల సంగతీ ఇలాంటిదే. లింఫోమా మగవాళ్లలో కాస్త ఎక్కువన్నది ప్రపంచమంతటా ఉన్నదే. మన క్యాన్సర్ ఆసుపత్రుల్లో ఆ తేడా జబ్బు వివరించగలిగినదానికన్నా పెద్దది. పిల్లల్లో మరీను. అబ్బాయికి జబ్బు చేస్తే పొలం అమ్మయినా పట్నం తీసుకెళ్లే ఇల్లు, అమ్మాయి విషయంలో ఇంకో నెల చూద్దాం అంటుంది. లింఫోమాకు ఆడా మగా తేడా అంతగా లేదు, మనకే ఉంది.

హాడ్జ్‌కిన్ దగ్గర మాత్రం నిజమైన తేడా కనిపిస్తుంది. సంపన్న దేశాల్లో ఈ జబ్బు ఇరవైల్లో ఒకసారి, యాభై ఐదు దాటాక ఇంకోసారి ఎక్కువగా వస్తుంది. మన దగ్గర చిన్నపిల్లల్లోనే చాలా కనిపిస్తుంది. కారణం ఎప్‌స్టీన్-బార్ వైరస్ అని అనుకోవడానికి గట్టి ఆధారాలున్నాయి. ఎంగిలి ద్వారా పాకే ఈ వైరస్ మన దగ్గర దాదాపు అందరికీ పసితనంలోనే సోకుతుంది, ఏ హడావుడీ లేకుండా ఒంట్లో ఉండిపోతుంది. సంపన్న దేశాల్లో చాలామందికి టీనేజీ దాకా సోకదు. హాడ్జ్‌కిన్ గడ్డల్లో ఈ వైరస్ జాడ అక్కడ సగం మందిలో కూడా కనపడదు. మన దేశంలో, ముఖ్యంగా పిల్లల్లో, అత్యధికుల్లో కనపడుతుంది. అంటే అందరికీ సోకే ఒక మామూలు వైరస్, ఎప్పుడు సోకిందన్నదాన్ని బట్టి లక్షల్లో ఏ ఒక్కరిలోనో క్యాన్సర్‌కు దారి తీస్తోంది.

తెలుగు రాష్ట్రాలకు సంబంధించి ఒక మాట. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో లింఫోమా ముప్పు మామూలుకన్నా చాలా ఎక్కువ. దేశం మొత్తం మీద పెద్దల్లో హెచ్‌ఐవీ 0.2 శాతం దగ్గర ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 0.6 శాతం పైన, తెలంగాణలోనూ జాతీయ సగటుకు రెట్టింపుగా అంచనా వేశారు. అందుకే ఇక్కడ లింఫోమా అనగానే హెచ్‌ఐవీ పరీక్ష కూడా రాస్తారు. అది అనుమానించడం కాదు, అవమానించడం అంతకన్నా కాదు. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు వాడుతూనే కీమో పూర్తిచేసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

సూది చెప్పేది, ముక్క చెప్పేది

మళ్లీ బిళ్ల దగ్గరికి వద్దాం, ఎందుకంటే అసలు ఆలస్యమంతా అక్కడే.

మెడ మీద గడ్డతో వెళితే మొదట చేసేది సూది పరీక్ష. సన్న సూదితో నాలుగు కణాలు లాగి గాజు పలక మీద పరిచి చూస్తారు. చవక, తేలిక, గంటలో అయిపోతుంది. టీబీకి చాలావరకు ఇది పనికొస్తుంది. లింఫోమాకు చాలదు. లింఫోమా ఏ రకమో చెప్పాలంటే కణాలు ఎలా ఉన్నాయన్నది ఒక్కటే కాదు, గ్రంథిలో ఏ అమరికలో ఉన్నాయన్నది కూడా చూడాలి. సూదితో లాగితే ఆ అమరిక చెదిరిపోతుంది. ఇల్లు కూల్చి నాలుగు ఇటుకలు చేతిలో పెట్టి, ఇది ఎన్ని గదుల ఇల్లో చెప్పమన్నట్టు. పైగా హాడ్జ్‌కిన్‌లో అసలు క్యాన్సర్ కణాలు గడ్డలో చాలా కొద్ది. చుట్టూ ఉన్నదంతా మామూలు కణాల గుంపే. సూది ఆ గుంపులో పడితే ‘వాపు మాత్రమే’ అని వస్తుంది. ఇంకా చిక్కేమిటంటే, టీబీ గుర్తుగా చెప్పుకునే గ్రాన్యులోమాలు (కణాల చిన్న ముద్దలు) హాడ్జ్‌కిన్ గడ్డల్లో కూడా ఒక్కోసారి ఉంటాయి. రిపోర్టులో ఆ మాట చూసి టీబీ మందులు మొదలుపెట్టిన డాక్టరును పూర్తిగా తప్పుపట్టలేం.

మందులు మొదలయ్యాక ఇంకో గందరగోళం. టీబీ మందులు వాడుతుంటే నిజమైన టీబీ గడ్డలు కూడా కొందరిలో తగ్గేముందు కొన్నాళ్లు పెరుగుతాయి. మరోవైపు లింఫోమా గడ్డ దానంతటదే కొంత తగ్గవచ్చు. మధ్యలో ఎవరైనా ఆయాసానికో నీరసానికో స్టెరాయిడ్ ఇచ్చారంటే చెప్పనక్కర్లేదు. స్టెరాయిడ్ కూడా లింఫోమా మందుల్లో ఒకటే కాబట్టి గడ్డ మంచులా కరుగుతుంది. ‘మందు పనిచేస్తోంది’ అని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నెలా రెండు నెలల్లో రెట్టింపు జోరుతో తిరిగొస్తుంది. ఆ దశలో ముక్క తీసినా స్టెరాయిడ్ దెబ్బకు కణాలు చెడిపోయి రకం తేల్చడం కష్టమవుతుంది.

దీనికి జవాబు పాతదే, చవకదే. గ్రంథిని పూర్తిగా కోసి తీసి పరీక్షకు పంపడం. సగం ముక్కలో టీబీ పరీక్షలు, సగం ముక్కలో లింఫోమా పరీక్షలు చేయవచ్చు. సీడీ 20, సీడీ 3, సీడీ 30 లాంటి, కణాల మీద ఉండే గుర్తుల కోసం రంగులు వేసి చూస్తేగాని ఏ రకమో తేలదు, ఏ మందివ్వాలో తేలదు. టీబీ క్రిమి ఎక్కడా దొరక్కుండా ఊహ మీద మందులు మొదలుపెట్టి, రెండు నెలలైనా గడ్డ తగ్గకపోతే, కొత్తవి పుట్టుకొస్తుంటే ‘ముక్క పరీక్ష చేయిద్దామా?’ అని రోగి తరఫువాళ్లే అడగాలి. ‘కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుంది’ అన్న భయం మన ఊళ్లలో ఇంకా బలంగా ఉంది. గ్రంథి తీసి పరీక్షించడం వల్ల లింఫోమా పాకదు. ఆలస్యం వల్లే పాకుతుంది.

రెండు దేశాలు, ఒకే సంఖ్య

ఫలితాల విషయానికొస్తే, నన్ను ఎప్పుడూ ఆపేసేది ఒక చిన్న పోలిక. 2020 సంవత్సరానికి గ్లోబోకాన్ (దేశాలవారీగా క్యాన్సర్ లెక్కలు వేసే అంతర్జాతీయ ప్రాజెక్టు) అంచనాల ప్రకారం భారతదేశంలో కొత్త నాన్ హాడ్జ్‌కిన్ కేసులు సుమారు 35,800, మరణాలు సుమారు 20,400. అదే ఏడాదికి అమెరికన్ క్యాన్సర్ సొసైటీ తమ దేశానికి వేసిన అంచనా 77,240 కేసులు, 19,940 మరణాలు. అక్కడ రెట్టింపుకు మించి రోగులు, చావులు మాత్రం ఇద్దరికీ ఇరవై వేల దగ్గరే. పైగా అక్కడి రోగులు మనవాళ్లకన్నా వయసులో పెద్దవాళ్లు. వయసు పెరిగేకొద్దీ చికిత్స తట్టుకోవడం కష్టం కాబట్టి, లెక్క ప్రకారం మన ఫలితాలు మెరుగ్గా ఉండాలి.

తొందరపడి దీన్ని ‘మన దగ్గర సగానికి పైగా చనిపోతారు’ అని చదవకూడదు. ఒక ఏడాది మరణాల్లో అంతకు ముందు ఏళ్ల రోగులూ ఉంటారు. అమెరికా లెక్కలో మెల్లగా నడిచే రకాలు ఎక్కువ కాబట్టి వాళ్ల మరణాలు తక్కువగా కనిపించడం కొంత సహజం. మన దగ్గర గుర్తించకుండానే పోయిన కేసులు కూడా బోలెడు. ఇవన్నీ తీసేసినా తేడా మాయం కాదు.

ఇంకోవైపు మన పెద్దాసుపత్రుల ప్రచురణలు చూస్తే బోలెడు ఆశ పుడుతుంది. చికిత్స పూర్తిచేసినవాళ్ల ఫలితాలు పశ్చిమ దేశాల ఫలితాలకు దగ్గరగానే ఉంటాయి. రెండూ నిజమే. కిటుకు ‘పూర్తిచేసినవాళ్లు’ అన్న మాటలో ఉంది. ఉదాహరణకు వందమంది చికిత్స మొదలుపెట్టారనుకోండి. ఇరవైమంది మధ్యలో రావడం మానేశారు, ఫోన్లు కలవడం లేదు. గణాంకాల పద్ధతి వాళ్లను చనిపోయినట్టు లెక్కించదు, చివరిసారి కనిపించిన రోజు దాకా బతికున్నట్టు రాసుకుని అక్కడితో లెక్కలోంచి తప్పిస్తుంది. మిగతా ఎనభైమంది ఎలా ఉన్నారో వాళ్లూ అలాగే ఉంటారని ఆ పద్ధతి అనుకుంటుంది. మన దేశంలో కీమో మధ్యలో మానేసి ఊరెళ్లిపోయినవాడు మిగతావాళ్లలాగే ఉంటాడా? అందుకే మన దగ్గరి లెక్క చదివేటప్పుడు బతికినవాళ్ల శాతం కన్నా ముందు, ఎంతమంది జాడ తెలియలేదన్న వరుస వెతుకుతాను.

హైదరాబాద్ నుంచి ఒక మందు

డీఎల్‌బీసీఎల్‌కు 1970ల నుంచి వాడుతున్నది చాప్ అనే నాలుగు మందుల కలయిక. సైక్లోఫాస్ఫమైడ్, ఎర్రగా ఉండే డాక్సోరుబిసిన్, విన్‌క్రిస్టిన్, ప్రెడ్నిసోలోన్ బిళ్లలు. దానికన్నా గొప్పవి అనుకుని ఆరేడు మందులతో కొత్త కలయికలు తయారుచేశారు. 1993లో అమెరికాలో వాటిని చాప్‌తో ముఖాముఖి పోల్చి చూస్తే బతికినవాళ్ల సంఖ్యలో తేడా ఏమీ రాలేదు. దుష్ప్రభావాలు మాత్రం కొత్తవాటిలోనే ఎక్కువ. ఖరీదైనది మెరుగైనది కావాలని లేదన్నదానికి క్యాన్సర్ వైద్యంలో ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

అసలు మలుపు రిటుక్సిమాబ్‌తో వచ్చింది. బి కణాల మీద ఉండే సీడీ 20 గుర్తును పట్టుకునే ఈ యాంటీబాడీకి 1997లో అమెరికాలో అనుమతి దొరికింది. అరవై నుంచి ఎనభై ఏళ్ల డీఎల్‌బీసీఎల్ రోగుల్లో చాప్‌కు దీన్ని కలిపి ఫ్రాన్స్ వైద్యులు చేసిన పరీక్షలో పదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు 43.5 శాతం, చాప్ ఒక్కటే తీసుకున్నవాళ్లలో 27.6 శాతం. అంత పెద్దవయసువాళ్లలో అది చిన్న తేడా కాదు. అన్ని వయసులూ కలిపి చూస్తే ఈ ఐదు మందుల చికిత్సతో పదిమందిలో ఆరుగురికి నయమవుతుంది.

ధర మాత్రం మన మధ్యతరగతికి కూడా అందేది కాదు. 2007లో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ రెడిటక్స్ పేరుతో దీనికి సమానమైన మందును తెచ్చింది, దాదాపు సగం ధరకు. రిటుక్సిమాబ్‌కు ప్రపంచంలో వచ్చిన మొదటి బయోసిమిలర్, అంటే జీవకణాల్లో తయారయ్యే మందుకు దగ్గరి నకలు, అదే. యూరప్‌లో ఇలాంటిదానికి అనుమతి రావడానికి ఇంకో పదేళ్లు పట్టింది. విమర్శలూ వచ్చాయి. అప్పటికి మన దేశంలో బయోసిమిలర్లకు ప్రత్యేక మార్గదర్శకాలే లేవు, అవి 2012లో వచ్చాయి. ఇంత తక్కువ పరీక్షలతో అనుమతించడం సరికాదన్నవాళ్ల వాదనలో బలం లేకపోలేదు. తర్వాత మన ఆసుపత్రుల అనుభవంలో ఫలితాలు అసలు మందుకు దగ్గరగానే ఉన్నాయి. ఇంకొన్ని కంపెనీలు దిగాక ధర మరింత పడింది. 2015లో ఈ మందు ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలోకీ, మన జాతీయ జాబితాలోకీ చేరింది.

యాదృచ్ఛికమో ఏమో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైందీ 2007లోనే. తెల్లకార్డు ఉన్న కుటుంబం కీమో కోసం అప్పు చేయకుండా ఆసుపత్రిలో చేరగలగడం అప్పటినుంచి సాధ్యమైంది. 2012లో ఏర్పడిన జాతీయ క్యాన్సర్ గ్రిడ్‌లోని ఆసుపత్రులు కలిసి బేరమాడి 40 మందులు కొన్నప్పుడు కొన్నిటి ధర మునుపటిదాంట్లో చిన్న భాగానికి పడిపోయింది. విశాఖపట్నం అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్ వచ్చాక ఉత్తరాంధ్రవాళ్లకు ముంబయి, హైదరాబాద్ ప్రయాణాలు కొంత తప్పాయి. మందు ధర కన్నా ఈ రైలు చార్జీలు, లాడ్జి అద్దెలు, పోయిన కూలీ డబ్బులు మనిషిని ఎక్కువ కుంగదీస్తాయి. ఏ కార్డూ వాటిని పూర్తిగా భరించదు.

ఇరవై ఒక్క రోజుల మధ్యలో

ఈ ఐదు మందుల చికిత్స 21 రోజులకోసారి, సాధారణంగా ఆరుసార్లు. ప్రమాదమంతా ఆ మధ్యరోజుల్లోనే. ఎక్కించిన వారం నుంచి రెండో వారం దాకా తెల్లకణాలు అడుగంటుతాయి. అప్పుడు జ్వరం వస్తే అది మామూలు జ్వరం కాదు. పల్లెలో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజక్షన్ వేయించుకుని రేపు చూద్దామంటే ఆ రేపు ఉండకపోవచ్చు. మన ఆసుపత్రుల్లో యాంటీబయాటిక్స్‌కు లొంగని క్రిములు ఎక్కువ కావడంతో, అమెరికాలో రోగి తట్టుకోగలిగిన ఇన్ఫెక్షనే ఇక్కడ ప్రాణం తీస్తుంది. బర్కిట్ లాంటి రకాలకు ఇచ్చే భారీ కీమో విదేశాల్లో పిల్లల్ని కాపాడినంతగా మన దగ్గర కాపాడలేకపోవడానికి కారణం కూడా ఎక్కువగా ఇదే. పిల్లవాడు తిండి చాలక ముందే బక్కచిక్కి ఉంటే ఇంకా కష్టం. టాటా మెమోరియల్‌లో ఎంసీపీ 842 లాంటి కీమో పద్ధతులను ఇక్కడి పిల్లల పరిస్థితిని దృష్టిలో పెట్టుకునే రూపొందించారు.

రిటుక్సిమాబ్ ఇచ్చేముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరి. వైరస్ ఒంట్లో నిద్రపోతూ ఉంటే ఈ మందు దాన్ని లేపుతుంది. లింఫోమా తగ్గి, కాలేయం పాడై చనిపోవడం అంటే అంతకన్నా ఘోరం ఉండదు. ముందే తెలిస్తే రోజుకో బిళ్లతో ఆపగలిగినది.

ఇక మానేసేవాళ్లు. ఇక్కడ లింఫోమాకున్న మంచి గుణమే శత్రువవుతుంది. రెండో విడత కీమోకే గడ్డ మాయమవుతుంది. జుట్టు రాలింది, నోరు పూసింది, పొలంలో కోతలొచ్చాయి, గడ్డేమో లేదు. ఇంకా నాలుగుసార్లు ఎందుకు? కంటికి కనపడనివి మిగిలే ఉంటాయని ఓపీలో రెండు నిమిషాల్లో చెబితే ఎక్కదు. ప్రతి క్యాన్సర్ వార్డులో డాక్టరుతో సమానంగా అవసరమైన మనిషి, రాని రోగికి ఫోన్ చేసి ‘ఏమ్మా, ఎందుకు రాలేదు?’ అని వాళ్ల భాషలో అడిగే మనిషి.

తిరిగొస్తే

హాడ్జ్‌కిన్‌కు ఇప్పటికీ మన దగ్గర ప్రధాన చికిత్స 1970ల్లో మిలాన్‌లో పుట్టిన ఏబీవీడీ. నాలుగు మందులూ పాతవే, చవకే. రెండు విడతల తర్వాత, జబ్బు మిగిలి ఉందేమో చూసే పెట్ స్కాన్ శుభ్రంగా ఉంటే వాటిలో ఊపిరితిత్తులను దెబ్బతీసే బ్లియోమైసిన్‌ను మానేయవచ్చని 2016లో రుజువైంది. తొలి దశలో పదిమందిలో తొమ్మిదిమందికి నయమయ్యే క్యాన్సర్ ఇది. ఇందులో ఓడిపోవడం అంటే చాలావరకు ఆలస్యంగా రావడమో మధ్యలో ఆగిపోవడమో.

తిరగబెట్టిన డీఎల్‌బీసీఎల్ సంగతి వేరు. వేరే మందులతో గడ్డ తగ్గించి, రోగి సొంత మూలకణాలు తీసి దాచి, భారీ డోసు కీమో ఇచ్చి వాటిని తిరిగి ఎక్కించడం దశాబ్దాలుగా ఉన్న దారి. 1995లో వచ్చిన ఫలితాల్లో ఇలా చేసినవాళ్లలో ఐదేళ్లకు 53 శాతం, మామూలు కీమో తీసుకున్నవాళ్లలో 32 శాతం బతికున్నారు. అది కూడా ముందు మందులకు లొంగినవాళ్లలోనే. లొంగనివాళ్లకు ఇప్పుడు కార్-టి వచ్చింది. రోగి టి కణాలు తీసి, లింఫోమాను గుర్తుపట్టేలా ల్యాబులో మార్చి తిరిగి ఎక్కిస్తారు. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి అభివృద్ధి చేసిన నెక్స్‌కార్ 19కు 2023 అక్టోబరులో అనుమతి దొరికింది. విదేశాల్లో మూడు నాలుగు కోట్లయ్యేది ఇక్కడ 30, 40 లక్షల దగ్గరికి వచ్చింది. పదో వంతన్నది నిజంగా పెద్ద విజయమే. నలభై లక్షలు ఎంతమంది దగ్గరుంటాయన్నది ఇంకో ప్రశ్న. నా లెక్కలో అంతే డబ్బుతో గ్రంథి ముక్క పరీక్ష, దాని రంగుల పరీక్షలు వందలమందికి ఉచితంగా చేయించవచ్చు. రెండిట్లో ఒకటే ఎంచుకోమని ఎవరూ అడగకూడదు గానీ, బడ్జెట్లు రోజూ అడుగుతూనే ఉంటాయి.

తిరగబెట్టిందని తేల్చడంలోనూ మన దేశానికి ప్రత్యేకమైన మెలిక ఒకటుంది. చికిత్స ముగిశాక పెట్ స్కాన్ తీస్తే ఛాతీ మధ్యలో ఓ గ్రంథి మెరుస్తూ కనిపిస్తుంది. చక్కెరను జోరుగా వాడుకునే కణాలెక్కడున్నా ఆ స్కాన్‌లో మెరుస్తాయి. లింఫోమా కణాలూ వాడుకుంటాయి, టీబీ చుట్టూ చేరిన కణాలూ వాడుకుంటాయి. ఆ మెరుపు ఎవరిదో యంత్రం చెప్పలేదు. అందుకే అనుభవమున్న డాక్టర్లు స్కాన్ చూసి రెండో వరుస కీమో రాయరు, మళ్లీ ముక్క తీయిస్తారు. ఒక్కోసారి ఆ రిపోర్టులో వచ్చేది టీబీయే. కీమోతో బలహీనపడిన ఒంట్లో అది తల ఎత్తి ఉంటుంది. అప్పుడు రోగి చేతికి కీమో చీటీ బదులు ఆరు నెలల టీబీ బిళ్లలు ఇచ్చి పంపిస్తారు.